చుట్టి పెట్టుకొను ఎలక్ట్రానిక్ కాగితము

 

నేడు నేను చెప్పబూనిన విషయము క్రొత్తది. కాని దానిని చెప్పుటకు ముందు మీ రందరు నెరిగిన పాత వస్తువు నొకదానిని జ్ఞాపకము చేసెదను. అది పటము. గోడకు వ్రేలాడదీయు అద్దపు పటము కాదు; కథకులు చుట్టగా చుట్టి భుజమున వేసికొని ఊరూర తిరుగు గుడ్డ పటము. మా చిన్నతనమున సిరిసిల్ల ప్రాంతమందలి మా యూరికి కూనపులివారు వచ్చెడివారు. పద్మశాలీల వాడకట్టులో రెండు గుంజలు నాటి, పటమును కట్టి, మార్కండేయ పురాణమును పాడుచు, ఒక్కొక్క ఘట్టము ముగిసిన కొలది పటమును కొంచెము కొంచెముగా విప్పెడివారు. ఇట్టి పటములు 3 అడుగుల వెడల్పును, 40 అడుగులకు మించిన పొడవును గలవియు గలవు. అంత కథయు చుట్టినచో చంకలో నిముడును. ఒకనాటి రాత్రి గాలికి దీపమారిపోయెను. పిల్లలము కేకలు వేసితిమి. కథకుడు నవ్వి, దీపము పోయినది గాని బొమ్మ పోలేదనెను. మరల దీపము వెలిగించగనే బొమ్మ యున్నచోటనే యున్నది.

చుట్టినచో నిముడుట, చమురు లేకున్నను బొమ్మ నిలుచుట అను నీ రెండు గుణములనే నేటి విజ్ఞానులు సెల్‌ఫోను తెరకు కలిగింపవలెనని చిరకాలముగా శ్రమించుచున్నారు. వారు చేసిన వస్తువునకు ఎలక్ట్రానిక్ కాగితమని పేరు. అది యెట్లు పనిచేయునో, దానిని చుట్టుట యెట్లు సాధ్యమైనదో, దానివలన మనబోటి వృద్ధులకు కలుగదగిన మేలేమో విన్నవించెదను.

ఈ విషయముపై నాకు మక్కువ కలుగుటకు కారణమొకటి కలదు. కొన్నియేండ్ల క్రిందట యాసంగి వడ్లను కల్లములో నారబోసి కావలి యుంటిని. మిట్టమధ్యాహ్నము. కరీంనగరమున నున్న మా యబ్బాయి ఫోను చేసి, "బాపూ! నీ ఫోనుకు నంబరు వచ్చింటది, జర జల్ది చదివి చెప్పు" అనెను. బ్యాంకువారు పంపు రహస్యసంఖ్య యది. కొద్ది నిమిషములు దాటినచో పనికిరాదు. నేను ఫోను తెరను చూచితిని. ఎండలో అది నల్లని పలకవలె నుండెను. అరచేయి అడ్డముపెట్టితిని, తువ్వాల కప్పుకొని చూచితిని. అక్షరములు చీమలవలె చిన్నవి. తుదకు దారిని పోవు నొక యువకుని పిలిచి ఫోను చేతికిచ్చితిని. అతడు సంఖ్యను బిగ్గరగా చదివి వెడలిపోయెను. అతడు మంచివాడు, నాకు నష్టమేమియు కలుగలేదు. కాని ఆ సంఖ్య నెవ్వరికిని చెప్పరాదని పదిమందికి బోధించిన నేనే దానిని పరాయివాని నోట చదివించుకొంటిని. చిన్ననాడే అక్షరములు నేర్చి, ఊరివారి ఉత్తరములెన్నో చదివిపెట్టిన నాకు ఆ దినమున నా చీటి నేను చదువుకొను శక్తి లేకపోయెను. మీలో ననేకుల కిట్టి యనుభవము కలిగియే యుండును.

ఫోను తెర ఎండలో కనబడకపోవుటకు కారణము సులభమైనది. ఆ తెర దీపమువంటిది. తన వెలుతురును తానే మన కన్నులకు పంపును. పట్టపగలు వెలిగించిన దీపము వెలవెలబోవునట్లే సూర్యుని యెదుట దాని వెలుతురు చాలదు. కాగితమట్టిది కాదు. దానికి స్వంత వెలుతురు లేదు. మీదబడిన వెలుతురును తెల్లనిచోట త్రిప్పి పంపును, నల్లనిచోట మ్రింగివేయును. కావున ఎండ హెచ్చిన కొలది కాగితముమీది అక్షరము మరింత స్పష్టమగును. ఫోను తెరను గూడ దీపముగా గాక కాగితముగా చేయుటయే యీ విద్యయొక్క తొలి మెట్టు.

అది యెట్లు చేసిరో వినుడు. మనస్సులో నొక చిన్న గాజుగుళికను తలచుకొనుడు. దానినిండ తేటనూనె యున్నది. అందులో సున్నమువంటి తెల్లని రేణువులును, దీపపుమసివంటి నల్లని రేణువులును తేలుచున్నవి. దువ్వెనతో పొడితల దువ్వి కాగితపు ముక్కలయొద్ద పెట్టినచో అవి యెగిరి అంటుకొనుట మీరెరుగుదురు గదా. అది విద్యుదావేశముయొక్క ప్రభావము. గుళికలోని తెల్లని రేణువుల కొక జాతి యావేశమును, నల్లని వానికి ప్రతికూలమైన యావేశమును ముందే కలిగించెదరు. గుళికకు పైన నొక పారదర్శకమైన రేకును, క్రింద నొక రేకును అమర్చి విద్యుత్తు నొకవైపుగా పంపినచో తెల్లనివి పైకి వచ్చును, నల్లనివి క్రిందికి దిగును. మనకు తెల్లని చుక్క కనబడును. విద్యుత్తును తలక్రిందులు చేసినచో నల్లనివి పైకి వచ్చి నల్లని చుక్క కనబడును. నిజమైన గుళిక వెండ్రుక మందము మాత్రమే యుండును. తెలుపునకు వాడునది టైటానియం డయాక్సైడు. అది మన యిండ్ల గోడలకు వేయు తెల్లరంగులలోనిదే. ఇట్టి లక్షల గుళికలను పలుచని పొరగా పూసినచో అదియే ఎలక్ట్రానిక్ కాగితము.

ఈ యాలోచన ఒక్కనాడు పుట్టినది కాదు. 1970 తరువాత అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలయందు నిక్ షెరిడన్ అను శాస్త్రజ్ఞుడు ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు గల సూక్ష్మగోళములను విద్యుత్తుచేత త్రిప్పి అక్షరములు చూపెను. తరువాత మాసచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జోసెఫ్ జేకబ్సన్ అను ఆచార్యుడును ఆయన శిష్యులును నేను చెప్పిన గుళికల సిరాను సాధించి 1998లో ప్రకటించిరి. వారి వలన 1997లోనే ఈ ఇంక్ అను కంపెనీ వెలసినది. 2004లో జపానునందు సోనీ కంపెనీ ఇట్టి తెరగల పుస్తకపఠన యంత్రమును విక్రయించెను. 2007లో అమెజాన్ కంపెనీవారి కిండిల్ వచ్చినది.

ఇందులో ముఖ్యముగా గ్రహింపవలసిన ధర్మ మొకటి కలదు. రేణువులు ఒకమారు పైకి వచ్చిన పిదప విద్యుత్తును తీసివేసినను అవి అక్కడనే నిలుచును. అక్షరమును మార్చుటకు విద్యుత్తు కావలెను గాని నిలుపుటకు అక్కరలేదు. మామూలు తెర చూచినంతసేపు బ్యాటరీని తినుచునే యుండును. ఎలక్ట్రానిక్ కాగితము పుట మార్చునపుడు మాత్రమే ఖర్చు పెట్టును. రామగుండమున విద్యుత్తు పుట్టుచున్న సీమవారమైనను, పొలముగట్టున బ్యాటరీ తీరిపోయినచో మన ఫోను రాయియే గదా. ఎలక్ట్రానిక్ కాగితముమీద వచ్చిన సంఖ్య బ్యాటరీ తీరినను చెరగక నిలిచి యుండగలదు. దీపమారిన రాత్రి పటము నిలిచినట్లు.

ఈ కాగితము సెల్‌ఫోనుమీద మన దేశమునకు వచ్చి చాలయేండ్లయినది. 2006వ సంవత్సరాంతమున మోటొరోలా కంపెనీవారు మోటోఫోన్ ఎఫ్ 3 అను చౌక ఫోనును మన దేశమున ప్రవేశపెట్టిరి. చదువు తక్కువగల పేదవారిని దృష్టియందుంచుకొని చేసిన దది. దాని తెర ఎలక్ట్రానిక్ కాగితము. ఎండలో చక్కగా కనబడునది, బ్యాటరీ చాల దినములు వచ్చునది. అయినను దానికొక పరిమితి యుండెను. దాని తెరమీది గుర్తులు అగ్గిపుల్లలు పేర్చినట్లు ముందే కోయబడిన గీతలతో నేర్పడునవి. రెండు వరుసలు, వరుసకు ఆరు గుర్తులు. అంకెలకును, ఇంగ్లీషు పెద్దబడి అక్షరములకును అది చాలును. కాని అగ్గిపుల్లలతో "స్త్రీ" అని వ్రాయగలమా? గుండ్రని అక్షరము, దానిపైన గుడిదీర్ఘము, క్రింద రెండు వత్తులు! మన లిపికి గీతలు చాలవు, చుక్కలు కావలెను. ఏ చుక్క నెచ్చట కావలెనన్న నచ్చట నలుపు చేయగల వేలకొలది చుక్కలు కావలెను.

వేలకొలది చుక్కలను వేరువేరుగా నడుపుట యెట్లు? ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీగ వేసినచో తెరకంటె తీగల మోపే పెద్దదగును. ఈ చిక్కు విడివడిన విధమును సిరిసిల్ల నేతగాండ్రు నాకంటె బాగుగా గ్రహింపగలరు. మగ్గమున పడుగు నిలువుగా నుండును, పేక అడ్డముగా నడచును. తెరయందును నట్లే నిలువు తీగలును అడ్డతీగలును ఉన్నవి. 2005లో చూపబడిన ఒక నమూనాలో 320 నిలువు వరుసలును 240 అడ్డవరుసలును ఉండెను. అనగా మొత్తము 560 తీగలతో 76,800 చుక్కలు స్వాధీనములో నున్నవి. తీగలు కలిసిన ప్రతిచోటను ట్రాన్సిస్టరు అను మిక్కిలి చిన్న తలుపు ఒకటి యుండును. మొదటి అడ్డతీగకు సంజ్ఞ పంపగనే ఆ వరుసలోని తలుపులు మాత్రము తెరచుకొనును. అప్పుడు నిలువుతీగల వెంట, ఏ చుక్క నల్లగా నుండవలెనో ఏది తెల్లగా నుండవలెనో ఆ ప్రకారము విద్యుత్తు వచ్చి చేరును. వెంటనే తలుపులు మూసికొనును. రెండవ వరుస తెరచుకొనును. నేతగాడు ఒక్కొక్క పేకపోగును కొట్టుచు గుడ్డ నేసినట్లు, యంత్రము వరుసవెంట వరుసగా పుటను నేయును. తలుపు లేకున్నచో ఒక చుక్కకు పంపిన విద్యుత్తు ప్రక్కచుక్కలకును కొంత ప్రాకి అక్షర మలికినట్లగును.

ఈ నేత వచ్చినచో ఏ లిపియైనను తెరమీద నిలుచును. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమందలి గుంజాల గ్రామమున లభించిన గోండి వ్రాతప్రతుల లిపిని మీరు వినియుందురు. యూనికోడ్ అను ప్రపంచలిపుల పట్టికలో గుంజాల గోండి లిపికి 2018లో స్థానము లభించెను. తెలుగుకు గాని గోండికి గాని కావలసినది చుక్కల తెరయు, అక్షరపు ఆకృతులును మాత్రమే. తెరకు భాషాభేదము లేదు.

ఇక చుట్టు విషయమునకు వచ్చెదను. గుళికల పొర మెత్తనిది. అది వంగుటకు అభ్యంతరము చెప్పదు. వంగనిది దాని వెనుకనున్న మగ్గము. మామూలు తెరలలో ఆ ట్రాన్సిస్టరులను గాజుపలకమీద, మిక్కిలి వేడిచేసి నిర్మింతురు. గాజును వంచిన నేమగునో చెప్పనక్కరలేదు. అయితే అది పగులుటకు గాజు కావడమే గాక మందము గూడ కారణము. లెక్క చూడుడు. ఒక రేకును గుండ్రని కోలకు చుట్టినపుడు దాని వెలుపలి ముఖము సాగును, లోపలి ముఖము ముడుచుకొనును. 15 మిల్లీమీటరుల లావుగల కోలమీద మిల్లీమీటరులో పదవవంతు మందముగల పొరను చుట్టినచో వెలుపలి ముఖము సుమారు 150వ వంతు సాగవలెను. ప్లాస్టిక్కునకు అది లెక్క కాదు. అదే కోలమీద 0.7 మిల్లీమీటరు గాజును చుట్టవలెనన్న 21వ వంతు సాగవలెను. గాజు అంత సాగదు. అంతకు మునుపే ముక్కలగును.

పటము వ్రాయు నకాషీలకు ఈ సూత్రము పుస్తకము లేకయే తెలియును. చేర్యాల పటముల పనివారు ఖద్దరుగుడ్డపై చింతగింజల అంబలియు, తెల్లమట్టియు, జిగురును కలిపి పూత పూయుదురు. పూత పలుచగా నున్నచో పటము వేయిమార్లు చుట్టినను బాగుండును. మందమైనచో మడతలయందు పెచ్చులూడును. ఎలక్ట్రానిక్ కాగితము చేయువారును అదే త్రోవ త్రొక్కిరి. గాజునకు బదులు పలుచని ప్లాస్టిక్ పొరను గ్రహించిరి. ఆ ప్లాస్టిక్కు వేడికి తాళదు గనుక తక్కువ వేడిలో పూతగా పూయదగిన, కర్బనసంబంధమైన పదార్థములతో ట్రాన్సిస్టరులను చేసిరి. పని జరుగునపుడు పొర కదలకుండుటకు దానిని గాజుపలకకు అంటించి, పని ముగియగనే ఊడదీసిరి. మరియొక యుక్తి యేమనగా, వంచిన రేకునకు సరిగా నడుమ నుండు భాగము సాగదు, ముడుచుకొనదు. కావున సున్నితమైన భాగమును ఆ నడిమి తావునకు దగ్గరగా నుంచెదరు. తెరను నడుపు గట్టి చిప్పులను మాత్రము చుట్టరాదు. వానిని ఫోను పెట్టెలో కదలకయుండు అంచునొద్ద నిలిపెదరు. పటము కొనను కర్ర యున్నట్లు.

ఈ విద్యను ఫోనులో నిజముగా పెట్టినవారు హాలెండు దేశమందలి ఫిలిప్స్ కంపెనీనుండి వెలువడిన పాలిమర్ విజన్ అను సంస్థవారు. 2005లో బెర్లిన్ నగర ప్రదర్శనమున వారు రీడియస్ అను నమూనాను చూపిరి. చిన్న పెట్టెనుండి 5 అంగుళముల తెరను పటమువలె విప్పి చదువుకొని మరల లోనికి చుట్టవచ్చును. 2008లో బార్సిలోనా నగరమున దాని మెరుగుపరచిన రూపమును చూపిరి. అందులో తెర పెట్టెచుట్టు మడుచుకొని యుండును. బరువు 115 గ్రాములు. ఆనాటి సాధారణపు ఫోనుల తెరలు రెండు మూడు అంగుళములు మాత్రమే యుండునవి గనుక అది యెంతయో ఆశ్చర్యము కలిగించెను.

కాని ఆ ఫోను బజారునకు రాలేదు. 2009లో ఆ సంస్థ దివాలా తీసినది. తైవానునకు చెందిన విస్ట్రాన్ కంపెనీ దానిని కొన్నను ఆ ఫోను మాత్రము వెలువడలేదు. ఇంతలో వెలుగుచు, రంగులతో కదలు బొమ్మలను చూపు గాజుతెరల ఫోనులు లోకమును ముంచెత్తినవి. 2013లో రష్యాదేశపు యోటాఫోన్ వెనుకప్రక్కన ఎలక్ట్రానిక్ కాగితము కలిగి వచ్చెను. అది చుట్టునది కాదు. 2021 జనవరిలో ఎల్‌జీ కంపెనీ చుట్టుకొను తెరగల ఫోనును చూపెను; కాని ఆ తెర దీపజాతిది, కాగితజాతిది కాదు. ఆ యేడు ఏప్రిలులో ఆ కంపెనీ ఫోనుల వ్యాపారమునే విరమించుచున్నట్లు ప్రకటించినందున అదియు అమ్మకమునకు రాలేదు. కావున శ్రోతలారా, రేపు కరీంనగరపు బజారునకు పోయి చుట్టు కాగితపు ఫోను నిమ్మని యడుగకుడు, దొరకదు.

దీని లోపములను దాచుట నా యభిమతము కాదు. రేణువులు నూనెలో ఈది రావలెను గనుక పుట మారుటకు రెప్పపాటుకంటె నెక్కువ కాలము పట్టును. సినిమా చూచుటకు పనికిరాదు. మునుపటి పుటయొక్క నీడ ఒక్కొక్కప్పుడు మిగులును. రాత్రివేళ కాగితమునకువలెనే దీనికిని వేరు దీపము కావలెను. తేమ చొరబడినచో చెడును గనుక చుట్టును గట్టిగా మూయవలెను. మాటిమాటికి చుట్టి విప్పుటవలన తీగలు తెగునేమో యను భయమును గలదు. వీనికన్నిటికిని ఖర్చు తోడు.

అయినను మిమ్మింతసేపు వినిపించుటకు నాకున్న కారణము వృద్ధుల కన్నులు. యువకులకు తెర కదలవలెను, మెరయవలెను. మనకు అక్షరము పెద్దదిగా నుండవలెను, ఎండలో కనబడవలెను, తొందరపెట్టక నిలువవలెను. పెద్ద అక్షరమునకు పెద్ద తెర కావలెను. పెద్ద తెర అంగీజేబులో పట్టదు. ఈ చిక్కునకు చుట్టుటయే చక్కని పరిష్కారము. నలుబది అడుగుల పురాణమును చంకలో పెట్టుకొని పోయిన కూనపులివాడు దీనిని మనకు ఎన్నడో చూపియున్నాడు. విద్య సాధ్యమని తేలినది. అది కావలెనని అడుగువారు తక్కువై బజారు దానిని విడిచినది. పట్టణపు యువకుని కోరికనే బజారు వినినది. కల్లమువద్ద కూర్చున్న ముసలివాని కోరికను విన్నవా రెవరు?

కావున నా మనవి యిది. మీ పిల్లలు మీకు ఫోను కొనితెచ్చునపుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఎండలో నిలువబడి దీనిని చదువగలనా? అక్షరమును నా కన్నులకు తగినంత పెద్దది చేయవచ్చునా? వత్తులు, గుణింతములు చెడకుండ తెలుగు పూర్తిగా కనబడునా? దుకాణములోని దీపముక్రింద గాక, వాకిటి యెండలోనికి తెచ్చి పరీక్షింపుడు. చుట్టు కాగితము వచ్చువరకు, ఉన్న ఫోనులోనే అక్షరముల పరిమాణమును పెంచు మార్గము కలదు. మనుమని నడిగి చేయించుకొనుడు. సిగ్గుపడవలసిన పని కాదు. ఆ కల్లమువద్దనుండి ఇంటికి వచ్చిన సాయంత్రమే నేనును మా మనుమరాలిచేత చేయించుకొంటిని. వరుసకు నాలుగైదు మాటలే పట్టుచున్నవి. అయినను ఆ నాటినుండి నాకు వచ్చిన సంఖ్యను మరియొకరి చేతికిచ్చి చదివించుకొనలేదు.